'జావా అయిపోయింది.. ఏఐ వచ్చేసింది.. 100 శాతం జాబ్ గ్యారెంటీ!' దిల్‌సుఖ్‌నగర్‌లో రోజూ వినిపించే ఈ మాటల్లో నిజమెంత? ఫీజు కట్టే ముందు ఇవి చెక్ చేసుకోండి

హైదరాబాద్: దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే చాలు.. చేతిలో ఓ పాంప్లెట్ పడుతుంది. పైథాన్, జావా, డేటా సైన్స్, క్లౌడ్, ఏఐ.. కోర్సుల పేర్లన్నీ అందులోనే. కింద పెద్ద అక్షరాలతో ప్లేస్‌మెంట్ హామీ. పక్కనే టీ కొట్టు దగ్గర నిలబడితే ఇంకో రకం మాటలు. 'జావా పనైపోయింది బ్రో', 'ఏఐ వచ్చాక కోడింగ్ ఎవడు చేస్తాడు', 'ఆ సెంటర్‌కి గూగుల్‌లో 4.9 ఉంది, కళ్లు మూసుకుని చేరొచ్చు'.

వీటిలో కొన్ని సగం నిజం. కొన్ని పాత సంగతులు. కొన్ని పచ్చి అబద్ధాలు. ఏది ఏదో తేల్చుకోకపోతే పోయేది ఫీజు ఒక్కటే కాదు. ఆరు నెలల సమయం, హాస్టల్ ఖర్చు, ఊళ్లో అమ్మానాన్నలు అప్పు చేసి పంపిన డబ్బు కూడా. అందుకే ఈ ఏరియాలో తరచూ వినిపించే ఆరు మాటలు తీసుకుని, ఒక్కోదాంట్లో ఎంత నిజముందో, ఎలా చెక్ చేసుకోవాలో ఇక్కడ వివరంగా చూద్దాం.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగరే ఎందుకు?

విజయవాడ హైవే, నాగార్జునసాగర్ రోడ్డు.. రెండూ కలిసేది ఎల్బీ నగర్ దగ్గరే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చే బస్సులకు సిటీ మొదలయ్యేది ఇక్కడే. ఆ జిల్లాల నుంచి చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చే పిల్లల్లో చాలామంది దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీ నగర్ హాస్టళ్లలోనే దిగుతారు. డీఎస్సీ, గ్రూప్స్, పోలీస్ ఉద్యోగాల కోచింగ్‌కు ఈ ఏరియా ఎప్పటి నుంచో ఫేమస్. సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు కూడా వాటి పక్కనే ఉంటాయి.

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట - ఎల్బీ నగర్ మెట్రో మొదలైంది. అప్పటి నుంచి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు అడ్డా అయిన అమీర్‌పేటకు వెళ్లడం కూడా ఈజీ అయింది. ఇక్కడ రూమ్ తీసుకుని, రెడ్ లైన్‌లో అక్కడికి క్లాసుకు వెళ్లి వచ్చేవాళ్లు ఉన్నారు. అంటే ఆప్షన్లు ఎక్కువ. ఆప్షన్లు ఎక్కువైన చోట సలహాలు కూడా ఎక్కువే.

మాట 1: 'జావా పాతబడింది.. పైథాన్ ఒక్కటి చాలు'

ఇది సగం నిజం. పైథాన్‌కు డిమాండ్ పెరిగిన మాట వాస్తవమే. భాషల పాపులారిటీని లెక్కగట్టే టియోబ్ ఇండెక్స్‌లో 2021 అక్టోబర్‌లో పైథాన్ మొదటిసారి నంబర్ వన్ అయింది. ఏఐ, డేటా పనుల్లో ఎక్కువగా వాడేది కూడా ఇదే.

అలాగని జావా పోలేదు. జావా 1995లో వచ్చింది. పైథాన్ ఇంకా ముందు, 1991లోనే విడుదలైంది. కాబట్టి 'కొత్త భాష, పాత భాష' అన్న లెక్కే తప్పు. 2018 నుంచి జావాకు ప్రతి ఆరు నెలలకు కొత్త వెర్షన్ వస్తోంది. ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే జావా 21 వెర్షన్ 2023 సెప్టెంబర్‌లో విడుదలైంది. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల సిస్టమ్స్ ఇప్పటికీ పెద్ద ఎత్తున జావా మీదే నడుస్తున్నాయి. 1959లో మొదలైన కోబాల్ కూడా బ్యాంకుల్లో ఇంకా బతికే ఉంది.

మరి ఏది నేర్చుకోవాలి? టీ కొట్టు దగ్గర అడిగే కంటే జాబ్ నోటిఫికేషన్లు చూడటం మేలు. జాబ్ సైట్‌లో 'ఫ్రెషర్', 'హైదరాబాద్' అని పెట్టి ఒక ఇరవై ప్రకటనలు చదవండి. ఏ స్కిల్ ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద రాసుకోండి. గంట పని. ఎవరి అభిప్రాయం కంటే ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది. ఇంకో విషయం.. ఒక భాషలో లూప్స్, ఫంక్షన్లు, డేటా స్ట్రక్చర్లు గట్టిగా వస్తే రెండో భాషకు మారడానికి పెద్దగా టైం పట్టదు. అసలు బేసిక్స్ రాకపోతే ఏ భాషలో చేరినా ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

మాట 2: 'ఏఐ వచ్చాక కోడింగ్ నేర్చుకోవడం దండగ'

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ మాట ఆగలేదు. ఏఐ కోడ్ రాస్తుంది, అందులో అనుమానం లేదు. అయితే రాసిన కోడ్ కరెక్టా కాదా అన్నదే అసలు ప్రశ్న.

ప్రోగ్రామర్లు డౌట్లు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్, చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది రోజులకే ఏఐతో రాసిన జవాబులను తాత్కాలికంగా బ్యాన్ చేసింది. కారణం.. చూడటానికి బాగానే ఉంటున్నాయి, కానీ తప్పులు ఎక్కువగా ఉంటున్నాయని. అదే సైట్ 2025లో డెవలపర్లపై చేసిన సర్వేలో 84 శాతం మంది ఏఐ టూల్స్ వాడుతున్నామనో, వాడబోతున్నామనో చెప్పారు. అయితే వాటి కచ్చితత్వాన్ని నమ్ముతున్నామన్నది 33 శాతమే. నమ్మడం లేదన్నవాళ్లు 46 శాతం. అంటే వాడుతున్నారు, కానీ చెక్ చేసుకుని వాడుతున్నారన్నమాట.

ఇంకో ఆసక్తికరమైన విషయం. 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ అనుభవమున్న 16 మంది ఓపెన్‌సోర్స్ డెవలపర్లతో 246 పనులు చేయించింది. కొన్ని పనులకు ఏఐ వాడొచ్చు, కొన్నింటికి వాడకూడదు. ఏఐ వాడితే 20 శాతం తొందరగా చేశామని వాళ్లు అనుకున్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ టైం పట్టింది. ఇది చిన్న స్టడీ. తమకు బాగా తెలిసిన పెద్ద ప్రాజెక్టుల మీద, అప్పటి టూల్స్‌తో చేసిన పని. అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని చెప్పలేం. అయినా ఒక్క సంగతి మాత్రం తేలింది.. 'నాకు అనిపించింది' అన్నది కొలత కాదు. సీనియర్లకే లెక్క తప్పింది.

ఏఐ టూల్స్ ఒక్కోసారి అసలు లేని లైబ్రరీ పేర్లు కూడా చెబుతాయి. ఆ పేరుతో ఎవరైనా ముందే వైరస్ ప్యాకేజీ పెట్టి ఉంచితే, గుడ్డిగా ఇన్‌స్టాల్ చేసినవాళ్ల సిస్టమ్ వాళ్ల చేతిలోకి వెళ్లిపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే కోడ్ చదవడం రావాలి. కాబట్టి ఏఐ వచ్చాక కోడింగ్ అక్కర్లేదన్నది తప్పు. టైప్ చేసే పని తగ్గొచ్చు, అర్థం చేసుకునే పని తగ్గదు. ఫ్రెషర్లకు పోటీ పెరిగిన మాట మాత్రం నిజమే. అందుకే ఏఐ లేకుండా చిన్న ప్రోగ్రాం సొంతంగా రాయగలరా అన్నది ముందు మీకు మీరే టెస్ట్ పెట్టుకోండి.

మాట 3: 'యూట్యూబ్‌లో అన్నీ ఫ్రీ.. క్లాసు ఎందుకు?'

ఇదీ సగం నిజమే. మంచి కంటెంట్ ఫ్రీగా దొరుకుతుంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన స్వయం పోర్టల్ ఉంది. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో తెలుగు వీడియోలు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఫ్రీగా చూడొచ్చు.

సమస్య ఎక్కడంటే.. వీడియో ఎప్పటిదో చూసుకోకపోవడం. ఒక చిన్న ఉదాహరణ. పైథాన్ 2 వెర్షన్‌కు సపోర్ట్ 2020 జనవరి 1తో ముగిసింది. ఆ పాత వెర్షన్‌లో 'ప్రింట్' రాసి పక్కన బ్రాకెట్లు పెట్టకపోయినా పని చేసేది. ఇప్పటి పైథాన్ 3లో అలా రాస్తే ఎర్రర్ వస్తుంది. ఏ వీడియోలోనైనా, ఏ నోట్స్‌లోనైనా 'ప్రింట్' పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పాత మెటీరియల్ అని అర్థం. ఫీజు తీసుకుని జిరాక్స్ నోట్స్ ఇచ్చే చోట కూడా ఇదే టెస్ట్ పెట్టొచ్చు. వ్యూస్ లక్షల్లో ఉన్నంత మాత్రాన కంటెంట్ కరెక్ట్ అనుకోవద్దు. ఏ భాషకైనా దాని అధికారిక డాక్యుమెంటేషనే ఫైనల్.

క్లాసుతో లాభం వేరే. టైంకి కూర్చోబెడతారు, తప్పు చేస్తే చూపిస్తారు, పక్కన నలుగురు చదివేవాళ్లు ఉంటారు. డబ్బు కట్టేది దానికి. అవి దొరకని చోట ఫీజు కట్టడం దండగే.

మాట 4: '4.9 స్టార్లు ఉన్నాయి.. మంచి సెంటరే'

స్టార్లు చూడటం తప్పు కాదు. స్టార్లు మాత్రమే చూడటం తప్పు. గూగుల్ మ్యాప్స్, సెర్చ్‌లో రూల్స్‌కు విరుద్ధంగా ఉన్న 17 కోట్లకు పైగా రివ్యూలను 2023లోనే ఆపేశామని, తీసేశామని గూగుల్ చెప్పింది. ఏ స్థాయిలో ఫేక్ నడుస్తోందో దీన్నిబట్టే తెలుస్తుంది. మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూల కోసం భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 పేరుతో ఓ స్టాండర్డ్ తెచ్చింది. డబ్బులిచ్చి రాయించిన రివ్యూలను అరికట్టడం దాని ఉద్దేశాల్లో ఒకటి.

రివ్యూలు చదివేటప్పుడు ఇలా చేయండి..

• 'న్యూయెస్ట్' అని పెట్టి కొత్తవి ముందు చదవండి. తర్వాత ఒక స్టార్, రెండు స్టార్లు ఇచ్చినవి చదవండి.

• ఒకే వారంలో పదుల సంఖ్యలో ఫైవ్ స్టార్లు పడ్డాయా చూడండి. డెమో క్లాస్ రోజే ఫోన్ తీసి రివ్యూ రాయమని అడిగే చోట ఇలా జరుగుతుంది. కోర్సు పూర్తి కాకముందే రాసిన రివ్యూకు విలువ లేదు.

• రాసినవాళ్ల ప్రొఫైల్ నొక్కండి. జీవితంలో అదొక్కటే రివ్యూ అయితే కొంచెం అనుమానించండి.

• 'సూపర్ ఫ్యాకల్టీ', 'బెస్ట్ ఇన్‌స్టిట్యూట్' అన్నవి వదిలేయండి. ఏ బ్యాచ్, ఏ టాపిక్, ప్రాజెక్ట్ ఏం చేశారు అని వివరంగా రాసినవే పనికొస్తాయి.

అన్నిటికంటే మంచి రివ్యూ క్లాసు గేటు బయటే దొరుకుతుంది. బ్యాచ్ వదిలే టైంకి వెళ్లి, రెండు నెలలుగా వస్తున్న ఇద్దరితో పది నిమిషాలు మాట్లాడండి. 'మధ్యలో సార్ మారారా? ల్యాబ్ దొరుకుతోందా?' ఈ రెండు ప్రశ్నలు అడిగితే చాలావరకు తెలిసిపోతుంది.

మాట 5: '100 శాతం జాబ్ గ్యారెంటీ'

ఇక్కడ చట్టమే మాట్లాడుతుంది. కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 నవంబర్ 13న మార్గదర్శకాలు విడుదల చేసింది. 50 మందికి పైగా విద్యార్థులున్న కోచింగ్ సెంటర్లకు ఇవి వర్తిస్తాయి. కోచింగ్ అంటే ట్యూషన్, బోధన, గైడెన్స్, స్టడీ ప్రోగ్రాం.. ఇలా విస్తృతంగానే నిర్వచించారు. ఆటలు, డ్యాన్స్ లాంటివి మాత్రం ఇందులోకి రావు.

అందులో ముఖ్యమైనవి ఇవీ..

• కోర్సు, కాలవ్యవధి, ఫ్యాకల్టీ అర్హతలు, ఫీజు, రీఫండ్ విషయాల్లో అబద్ధాలు చెప్పకూడదు.

• సెలెక్షన్ గ్యారెంటీ, జాబ్ గ్యారెంటీ లాంటి తప్పుడు హామీలు ఇవ్వకూడదు.

• సెలెక్ట్ అయిన అభ్యర్థి ఫొటో, పేరు వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. అదీ సెలెక్ట్ అయ్యాక తీసుకున్నదై ఉండాలి.

• ఆ అభ్యర్థి ఏ కోర్సు చేశారు, అది డబ్బులు కట్టి చేసిన కోర్సేనా అన్నది కూడా ప్రకటనలో చెప్పాలి.

• 'సీట్లు కొన్నే మిగిలాయి, ఈరోజే కట్టాలి' అంటూ లేని తొందర పెట్టకూడదు.

మార్గదర్శకాలు వచ్చేనాటికే దేశవ్యాప్తంగా 45 నోటీసులు వెళ్లాయి. 18 కోచింగ్ సంస్థలకు మొత్తం 54.60 లక్షల జరిమానా పడింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు.

కాబట్టి ఎవరైనా గ్యారెంటీ అంటే ఒక్కటే మాట అనండి.. 'సార్, అదే మాట రసీదు మీద రాసివ్వండి'. రాసిచ్చారంటే మీ చేతిలో సాక్ష్యం ఉన్నట్టే. రాయమంటే మాట మార్చారంటే మీకు జవాబు దొరికినట్టే.

మాట 6: 'డబ్బు కడితే బ్యాక్ డోర్‌లో జాబ్ పక్కా'

ఆరు మాటల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో లాంటి కంపెనీలు ఉద్యోగం కోసం అభ్యర్థుల దగ్గర ఏ రూపంలోనూ డబ్బు తీసుకోమని తమ వెబ్‌సైట్లలోనే చెబుతున్నాయి. సెక్యూరిటీ డిపాజిట్, ల్యాప్‌టాప్ చార్జీ, ట్రైనింగ్ ఫీజు.. పేరు ఏదైనా సరే, ఉద్యోగం ఇచ్చేవాళ్లే ఎదురు డబ్బు అడిగితే అక్కడే ఆగిపోవాలి. ఆఫర్ లెటర్ కంపెనీ సొంత మెయిల్ నుంచి కాకుండా జీమెయిల్ నుంచి వచ్చినా అంతే.

'రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం' అనే వాళ్లూ ఉంటారు. ఇది కూడా ప్రమాదమే. పీఎఫ్ ఖాతాకు ఉండే 12 అంకెల యూఏఎన్ నంబర్‌లో ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పని చేశారో రికార్డు ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో కంపెనీలు దాన్ని చూస్తాయి. ఐటీ ఉద్యోగుల వివరాల కోసం నాస్కామ్ 2006లోనే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ మొదలుపెట్టింది. చేరిన ఏడాదికి దొరికినా ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో ఏం చెప్పాలో తెలియని పరిస్థితి వస్తుంది. ఫేక్ లెటర్ ఇచ్చినవాడు మాత్రం అప్పటికి ఫోన్ ఎత్తడు.

విదేశాల్లో 'డేటా ఎంట్రీ', 'కస్టమర్ సపోర్ట్' ఉద్యోగమంటే మరింత జాగ్రత్త. ఇలాంటి ఆఫర్లు నమ్మి కాంబోడియా, మయన్మార్ వెళ్లిన తెలుగు యువకులను అక్కడ సైబర్ మోసాల సెంటర్లలో కూర్చోబెట్టిన కేసులు బయటపడ్డాయి. 2025 మార్చిలో కేంద్రం థాయ్‌లాండ్ సరిహద్దు నుంచి వందలమందిని వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చింది. విదేశీ ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగల సర్వీస్ చార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే.

ఫీజు కట్టే ముందు పది నిమిషాల చెక్

1. కంపెనీ నంబర్ చూడండి: ప్రైవేట్ లిమిటెడ్ అని చెబితే 21 అక్షరాలు, అంకెలున్న సీఐఎన్ ఉండాలి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఎప్పుడు పెట్టారు, యాక్టివ్‌గా ఉందా లేదా తెలుస్తుంది. సీఐఎన్ మధ్యలో ఉండే నాలుగు అంకెలు కంపెనీ రిజిస్టర్ అయిన సంవత్సరం. 'పదిహేనేళ్ల అనుభవం' అన్న బోర్డుతో ఆ సంవత్సరాన్ని పోల్చి చూడండి. తేడా ఉంటే ఎందుకో అడగండి.

2. జీఎస్టీ నంబర్ చూడండి: బిల్లులో జీఎస్టీ వేస్తే 15 అక్షరాల నంబర్ తప్పనిసరి. తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితే 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే యజమాని పేరు, వ్యాపారం పేరు వస్తాయి. ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్న సెంటర్‌కు జీఎస్టీ లేకపోవచ్చు, అది తప్పు కాదు. నంబర్ లేకుండానే జీఎస్టీ పేరుతో డబ్బు తీసుకోవడం తప్పు.

3. డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తోంది: యూపీఐ స్కాన్ చేసినప్పుడు పేరు కనిపిస్తుంది. సెంటర్ పేరు కాకుండా ఎవరిదో వ్యక్తిగత పేరు వస్తే ఆగి అడగండి. ఒకేసారి మొత్తం కట్టొద్దు, వాయిదాల్లో కట్టండి.

4. రసీదులో ఏముండాలి: కోర్సు పేరు, ఎన్ని గంటలు, ఎన్ని నెలలు, రీఫండ్ రూల్, సంతకం, తేదీ. వాట్సాప్‌లో ఇచ్చిన హామీలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాంప్లెట్ పారేయొద్దు. రేపు కంప్లైంట్ ఇవ్వాల్సి వస్తే అదే మొదటి సాక్ష్యం.

5. ప్లేస్‌మెంట్ ఫొటోలు చెక్ చేయండి: గోడ మీద ఉన్న ఇద్దరు ముగ్గురి పేర్లు లింక్డ్‌ఇన్‌లో వెతకండి. ఫొటో అనుమానంగా ఉంటే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి. అదే ముఖం వేరే చోట వేరే పేరుతో కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన చదువు బాగా చెబుతారని కాదు. అది తేడా వస్తే పట్టుకోవడానికి ఓ అడ్రస్ మాత్రమే. బాగా చెబుతారా లేదా అన్నది డెమో క్లాస్‌లో, గేటు బయట విద్యార్థుల దగ్గరే తేలుతుంది.

ఇప్పటికే డబ్బు పోయిందా? ఇలా చేయండి

ఆన్‌లైన్‌లో మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఖాతాలు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి, ఇంట్లో ఏమంటారోనని రెండు రోజులు దాచుకుంటే ఆ అవకాశం పోతుంది. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా కంప్లైంట్ ఇవ్వొచ్చు. ట్రాన్సాక్షన్ నంబర్, స్క్రీన్‌షాట్లు, అవతలివాళ్ల ఫోన్ నంబర్ దగ్గర పెట్టుకోండి. చాట్ డిలీట్ చేయొద్దు. 'పోయిన డబ్బు తెచ్చిపెడతాం' అంటూ వచ్చే కాల్స్ కూడా మోసమే, వాటికి మళ్లీ డబ్బు కట్టొద్దు.

కోచింగ్ సెంటర్ చెప్పిన కోర్సు చెప్పకపోయినా, ఫీజు వెనక్కి ఇవ్వకపోయినా నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు ఉండదు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. మామూలు కోర్సు ఫీజులన్నీ ఈ పరిమితిలోనే వస్తాయి. లాయర్ లేకుండా సొంతంగా కూడా వాదించుకోవచ్చు.

దిల్‌సుఖ్‌నగర్‌లో బాగా చెప్పే సార్లూ ఉన్నారు. ఇక్కడి హాస్టల్ గదుల్లో చదివి మంచి ఉద్యోగాల్లో చేరినవాళ్లూ ఉన్నారు. పైన చెప్పిన ప్రశ్నలు అడిగితే మంచి సెంటర్ ఏమీ అనుకోదు, కాగితాలు చూపిస్తుంది. 'ఇన్ని ప్రశ్నలు అడిగేవాళ్లకు సీటు లేదు' అన్నారంటే.. ఆ ఫీజు మిగిలినట్టే. పక్క వీధిలో ఇంకో బోర్డు ఉంటుంది, వెళ్లి అక్కడ అడగండి.